మీసాల సావుకారుకు ఆఖరి దెబ్బ

కుళ్ళాయప్ప కాళ్ళతో వీడియో గేమ్ ఆడతాడని చెబితే మా వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు. కిటికీలోంచి చూశానని చెప్పాక నమ్మారు. నేను కిటికీల్లోంచి చూస్తానన్న సంగతి ధర్మవరంలో అందరికీ తెలిసిందే.

అతని ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముప్పై ఏళ్ళుగా ఆ గోడ అవతల మగ్గం ఆడుతుంటే, ఇవతల నేను బియ్యం ఏరాను, పిల్లలను పెంచాను, మా ఆయనతో పోట్లాడాను. చప్పుడును బట్టి కుళ్ళాయప్పకు ఒంట్లో ఎలా ఉందో చెప్పగలను. జ్వరం వస్తే కాలిపలక ఆలస్యంగా పడుతుంది. కోపం వస్తే అడ్డపోగు మోసే నాడె గోడకు కొట్టినట్టు వినిపిస్తుంది.

అతనికిప్పుడు యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను అడగని పండుగ లేదు.

"మగ్గం ముందర కూర్చుంటే ఇంగెవురూ గుర్తుకు రారక్కా" అనేవాడు.

"మరి తిమ్మప్ప గుర్తుకు రాడా?"

"ఆయప్ప పక్కనే ఉండాడు కదా. గుర్తుకు రావాల్సిన పనేముండాది?"

తిమ్మప్ప అతనికి చుట్టం కాదు. మగ్గంలో జతగాడు. మా ఊరి పట్టుచీరల్లో ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు వచ్చే రకం ఉంది. అది ఒక్కడి వల్ల కాదు. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడు ఒకవైపు నుంచి నాడె విసిరితే, పక్క పలక మీద కూర్చున్నవాడు అంచు నాడె అందించాలి. కుళ్ళాయప్ప గుంతలో, తిమ్మప్ప అతని కుడిపక్కన. ఇరవై రెండేళ్ళు అలాగే కూర్చున్నారు. మాట్లాడుకోవడం తక్కువ. ఒకడు దగ్గితే రెండోవాడు నాడె ఆపేవాడు, అంతే.

ఒకసారి ఇద్దరూ హిందూపురంలో ఏదో పెళ్ళికి పోయి, వచ్చేటప్పుడు పాత సామాన్ల అంగడిలో ఒక డబ్బా కొనుక్కొచ్చారు. టీవీకి తగిలించి ఆడుకునేది. దానికి రెండు తీగలు, తీగల చివర రెండు మీటల పెట్టెలు. లోపల ఒకటే ఆట. తిమ్మప్ప పెండ్లాం నీలావతి వీధి వీధంతా వినేలా తిట్టింది.

"గడ్డం నెరిసినాక బొమ్మలాట కావాల్సొచ్చిందా మీకు? సిగ్గులేదా?"

"నీకూ నేర్పిస్తాం రా వదినా" అన్నాడు కుళ్ళాయప్ప.

"నాకు ఇంట్లో రాక్షసులు చాలబ్బా, టీవీలో వద్దు."

మా నేతగాళ్ళకు అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గం ఆడించరు. కాబట్టి నెలకొక రోజు ఆట. పొద్దున టిఫిను తిని మొదలుపెడితే సాయంత్రం దాకా. ఎర్ర బొమ్మ కుళ్ళాయప్పది, నీలం బొమ్మ తిమ్మప్పది. రెండూ కొండలెక్కి, గుహలు దాటి, ఎనిమిది కోటలు గెలిచి, ఆఖరి కోటలో గద్దె మీద కూర్చున్న రాక్షసుడి దగ్గరకు చేరాలి. వాడికి చెవుల దాకా మీసాలు. వాడికి 'మీసాల సావుకారు' అని పేరు పెట్టుకున్నారు. వీళ్ళకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే అసలు సావుకారుకూ అలాంటి మీసాలే ఉన్నాయి. ఆయనకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మీసాల సావుకారు చేతుల్లో కుడికొక డాలు, ఎడమకొక డాలు. ఒక్క బొమ్మ కొడితే డాలు అడ్డం పెడతాడు. ఎర్ర బొమ్మ, నీలం బొమ్మ రెండు పక్కల నుంచి ఒకే క్షణంలో కొడితేనే దెబ్బ తగులుతుంది. తగిలిన ప్రతిసారీ పైనున్న ఎర్ర గీత కాస్త తగ్గుతుంది. గీత అయిపోతే వాడు చచ్చినట్టు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, అడిగాను కాబట్టి తెలుసు.

గీత సగానికి వచ్చిన రోజులు రెండో మూడో ఉన్నాయి. అప్పట్లో పూటకొకసారి కరెంటు పోయేది. పోతే ఆట మొత్తం పోయినట్టే, మళ్ళీ మొదటి కొండ నుంచి రావాలి.

"సావుకారు చేతిలో కన్నా కరెంటోళ్ళ చేతిలోనే ఎక్కువసార్లు చచ్చినామక్కా" అనేవాడు తిమ్మప్ప.

ఐదేళ్ళ కిందట తిమ్మప్ప మగ్గం దిగాడు. కళ్ళు ఆనడం లేదు, చీరలకు గిరాకీ లేదు. పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కూతురు రాధకు ఉద్యోగం దొరికింది, ఆ పక్కనే ఇంకో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయనకు వాచ్‌మన్ పని దొరికింది. సామానంతా వ్యానులో పోయింది. ఆటో ఎక్కుతూ తిమ్మప్ప తల బయటపెట్టి అన్నాడు:

"వచ్చే అమావాస్యకు వస్తా. నేను లేకుండా సావుకారును చంపొద్దురా."

"నువ్వు లేకుండా వాడు చావడులే అన్నా" అన్నాడు కుళ్ళాయప్ప.

వచ్చే అమావాస్యకు రాలేదు. ఆ తర్వాతదానికీ రాలేదు. ఫ్యాక్టరీలకు అమావాస్య తెలియదు కదా. సెలవు ఆదివారం, అదీ వంతుల మీద.

గోడ అవతల చప్పుడు మారింది. రెండు నాడెల్లో ఒకటి ఆగిపోయింది. కుళ్ళాయప్ప ఒకే రంగు చీరలకు దిగాడు, అవి ఒక్కడే నేయవచ్చు. పక్క పలకను మాత్రం తీసేయలేదు. ఇదివరకు నేను పది అడిగితే ఒకదానికి జవాబు చెప్పే మనిషి, ఇప్పుడు ఒకటి అడిగితే పది చెప్పసాగాడు. ఏం కూర వండాడో, అందులో ఉప్పు ఎందుకు ఎక్కువైందో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో. వాకిట్లో నిలబడి అడిగిన నన్ను పోనిచ్చేవాడు కాదు. అప్పుడు నాకు భయం వేసింది.

ఒక అమావాస్య నాడు ఆట చప్పుడు వినిపించి కిటికీలోంచి చూశాను. టీవీ మగ్గం పక్కన పెట్టి ఉంది. కుళ్ళాయప్ప గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని, ఒక మీటల పెట్టె చేతుల్లో పట్టుకున్నాడు. రెండోది గుంత అడుగున పీటకు సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంది. దాన్ని బొటనవేళ్ళతో నొక్కుతున్నాడు. తెర మీద ఎర్ర బొమ్మ ముందు, నీలం బొమ్మ కుంటుకుంటూ వెనక.

"ఏందబ్బా ఇది, సర్కస్సా?" అన్నాను.

అతను ఉలిక్కిపడలేదు. "ముప్పై ఏండ్లు చేతులు ఒక పని, కాళ్ళు ఒక పని చేసినాయి కదక్కా. ఇదీ చేస్తాయేమోనని."

"చేస్తాండాయా?"

"ఎనిమిదో కోట దాకా చేస్తాయి. సావుకారు దగ్గరికొస్తే మొరాయిస్తాయి."

కారణం కూడా చెప్పాడు. మగ్గంలో కాలు తొక్కాకే చెయ్యి కదలాలి. ముందు కాలు, తర్వాత చెయ్యి. సావుకారును కొట్టాలంటే కాలూ చెయ్యీ ఒక్కసారే పడాలి. నేతగాడి ఒంటికి అది రాదు. రెండేళ్ళు సాధన చేశాడు. కాస్త పట్టు చిక్కేసరికి మగ్గం మీద చెయ్యి తొందరపడటం మొదలైంది. ఒక చీర ఒంట్లో జానెడు మేర నేత చెడిందని అసలు సావుకారు మడత విప్పి చూపించి మరీ మాట్లాడాడు. కుళ్ళాయప్ప తల వంచుకుని విన్నాడు. మళ్ళీ అమావాస్యకు అదే ఆట.

మొన్న వేసవిలో ఒక అమావాస్య సాయంత్రం గోడ మీద కొట్టి పిలిచాడు. ఎప్పుడూ పిలవని మనిషి. పరుగెత్తాను.

"చూడక్కా గీత!"

పైన ఎర్ర గీత లేనట్టే ఉంది. గోరంత.

"ఇంగ ఒక్క దెబ్బ. ఒక్కటే."

"కొట్టరాదా మరి?"

కొట్టలేదు. ఆటను ఆ క్షణంలోనే ఆపే మీట ఒకటి ఉందట, దాన్ని నొక్కి పెట్టాడు. మీసాల సావుకారు డాళ్ళెత్తి అలాగే నిలబడిపోయాడు. రెండు బొమ్మలూ గాల్లో ఆగిపోయాయి.

"తిమ్మప్పన్న రానీ. ఇది మాత్రం ఆయప్ప కొట్టాల్సిందే."

అతని బుద్ధి నాకు అర్థమైంది. మా వాళ్ళు ఆఖరి చీర కోసేటప్పుడు మగ్గం మీద పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, కోసేయరు. మూరెడు దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచుతారు. కొత్త పడుగు పోగులన్నీ ఆ పాత కొసలకే ఒక్కొక్కటిగా అతకాలి. అంతా కోసేస్తే మళ్ళీ మొదలుపెట్టడం నరకం. కుళ్ళాయప్ప కూడా మూరెడు వదిలాడు.

కరెంటు పోతుందనే భయం లేదు, పోయినేడే చిన్న బ్యాటరీ పెట్టించుకున్నాడు. రాత్రంతా టీవీ అలాగే వెలిగింది. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"యాడికి పోతాండావు?"

"పెనుకొండకు. రైల్లో పోయి సాయంత్రానికి పిలుచుకొస్తా. కొళాయి వస్తే పెరట్లో తొట్టి నింపక్కా."

టీవీ మాట చెప్పలేదు. చెప్పాలని అతనికి తోచలేదు. మగ్గం మీదున్న పడుగును ఇంకొకరు ముట్టరు. మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. మగ్గం పక్కనున్న టీవీ కూడా ఆ లెక్కలోకే వస్తుందనుకున్నాడు.

పదకొండింటికి నీళ్ళొచ్చాయి. తొట్టి నింపాను. పెరటి వాకిలి నుంచి లోపలికి తొంగి చూడకుండా రావడం నా వల్ల అయ్యే పని కాదు. చూశాను. ఎండకు ఇల్లు ఉడికిపోతోంది, టీవీ వెనక చెయ్యి పెడితే పెనంలా కాలింది. ఇల్లు అంటుకుంటుందేమో అనిపించింది. మగ్గాన్ని ముట్టలేదు. టీవీకీ ఆట డబ్బాకూ కలిపి ఉన్న స్విచ్చు ఆర్పాను. మీసాల సావుకారు చుక్కంతయి మాయమయ్యాడు. అప్పటికి కూడా నాకు తట్టలేదు. ఇంటికొచ్చి చారు పోపు పెడుతుంటే తట్టింది. గరిటె పడేసి పరుగెత్తి మళ్ళీ స్విచ్చు వేశాను. మొదటి కొండ, దాని కింద రెండు బొమ్మలు.

సాయంత్రం వాకిట్లోనే కూర్చున్నాను, ఏం చెప్పాలో పదిసార్లు అనుకుంటూ. కుళ్ళాయప్ప ఒక్కడే వచ్చాడు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్.

"తిమ్మప్ప ఏడీ?"

అరుగు మీద కూర్చున్నాడు. "గేటు కాడ ఉండాడు. ఖాకీ చొక్కా, టోపీ. నన్ను చూసి లేచి నిలబడినాడక్కా, ఎవరో పెద్దాయప్ప అనుకున్యాడు. కండ్లు ఇంకా తగ్గినాయి. నేనన్నా, కుళ్ళాయిని అంటే అప్పుడు చెయ్యి పట్టుకున్యాడు."

"సెలవు ఇయ్యలేదా?"

"అంత దూరం రాలేదు మాట. సావుకారుకు ఒక్క దెబ్బే మిగిలుండాది, రా అన్నా అని చెప్పినా." కాసేపు ప్యాకెట్ అటూ ఇటూ తిప్పాడు. "ఏ సావుకారురా అన్యాడు."

నేను లేచి, నీళ్ళ చెంబు తెచ్చి అతని ముందర పెట్టాను.

"చెప్పినాక నవ్వినాడులే. ఇంకా అది ఆడతాండావా అన్యాడు. ఇంతలో లారీ వచ్చింది, గేటు తీయడానికి పాయ. పోయేటప్పుడు ఇవి కొనిచ్చినాడు."

ఇక దాచి లాభం లేదు. "కుళ్ళాయీ, నేను టీవీ ఆర్పేసినానప్పా. కాలిపోతాదేమోనని. బుద్ధి లేకపాయ."

అతను నా వైపు చూశాడు. కోప్పడతాడేమోనని చూశాను, కోప్పడితే బాగుండేది.

"మగ్గం ముట్టినావా?"

"లేదబ్బా."

"సరేలే." బిస్కెట్ ప్యాకెట్ నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయాడు.

ఆ నెలంతా మగ్గం చప్పుడు ఉన్నట్టే ఉండి లేనట్టు వినిపించింది. పిలిస్తే పలికేవాడు. పది మాటలు చెప్పడం మానేశాడు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. ఎనిమిదింటికి ఆట చప్పుడు మొదలైంది. బొరుగుల ఉగ్గాని గిన్నె పట్టుకుని పోయి, గోడ వారగా పీట వేసుకుని కూర్చున్నాను. పక్క పలక ఖాళీగానే ఉంది, కానీ నేను దాని మీద కూర్చోలేదు.

"నువ్వెందుకక్కా? పొద్దుగూకుతాది."

"నాకేం పనుండాదిలే. ఆడు."

ఆడాడు. తిన్నాడు, ఆడాడు. కొండలు, గుహలు, ఎనిమిది కోటలు. మధ్యలో నేను ఏమేమో అడిగాను, ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగింటికి మీసాల సావుకారు గద్దె దిగాడు. కాలూ చెయ్యీ ఒక్కసారే పడుతున్నాయి. గీత సగమైంది, పావు అయింది, గోరంత అయింది. అక్కడ కుళ్ళాయప్ప ఆగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కుడిపక్క పలక వైపు ఒకసారి తల తిప్పాడు. తెర వైపు తిరిగి, కొట్టాడు.

ముందు మీసాలు ఊడి ఎగిరిపోయాయి. తర్వాత డాళ్ళు, తర్వాత సావుకారు. కోట తలుపు తెరుచుకుంది. ఎర్ర బొమ్మ, నీలం బొమ్మ బయటికొచ్చి కొండ దారి పట్టాయి. పక్కపక్కనే నడుస్తున్నాయి. నీలం బొమ్మ కుంటడం లేదు.

కుళ్ళాయప్ప గుంతలోంచి కాళ్ళు పైకి తీసి మడిచి పెట్టుకున్నాడు.

"కాళ్ళు తీసేసినా చూడక్కా" అన్నాడు మెల్లగా. "అయినా నడుస్తానే ఉండాది. ఎవురో ఆడిస్తాండినట్ల."

బొమ్మలు చిన్నవై, చుక్కలై, కొండ అవతలికి దిగిపోయాయి. ఏవేవో అక్షరాలు కింది నుంచి పైకి పోసాగాయి.

"ఇంగ ఏమొస్తాది?" అని అడిగాను.

"తెల్దక్కా. ఈడికి ఎప్పుడూ రాలేదు."

అక్షరాలు అయిపోయాక మొదటి కొండే మళ్ళీ వచ్చింది. దాని కింద రెండు వరసలు ఇంగ్లీషులో వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నాకు చదవడం రాదు.

"ఏమని రాసుండాదబ్బా?"

"ఆడేది ఒకరా, ఇద్దరా అని అడుగుతాండాది."

ఏమీ నొక్కలేదు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, రెండో పూట కొళాయి వచ్చే వేళయిందంటూ తొట్టి కడగడానికి పెరట్లోకి పోయాడు. వెలుగుతూ ఆరుతూ ఉన్న ఆ టీవీ ముందు నేనొక్కదాన్నే మిగిలాను. స్విచ్చు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముట్టలేదు.