డ్రమ్ములాయన వేసిన నాలుగు చుట్లు

తాను ఒకప్పుడు పాడిన రాక్ కచేరీ క్యాసెట్టును మా చెల్లి ఈమధ్యే ఫోనులోకి ఎక్కించుకుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక వన్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చి వినిపిస్తుంది. మూడో పాటలో గిటారు ఒక్కటే మోగే చోట నేను వేళ్ళు ముడవడం మొదలుపెడతాను. నాలుగు దెబ్బలు ఒక చుట్టు. మొత్తం ఇరవై చుట్లు. ఉండవలసినవి పదహారు.

అప్పట్లో పోర్టులో ఓడల నుంచి దిగే బస్తాల లెక్క రాయడం నా ఉద్యోగం. ఆ కచేరీ చేసిన గాయకుడంటే నాకు పిచ్చి. మద్రాసు నుంచి ఆయన మా ఊరు వచ్చినప్పుడు, వెనక కోరస్ పాడే అమ్మాయిలు జ్వరాలతో అక్కడే ఆగిపోయారు. మా చర్చి బృందం నుంచి ముగ్గురిని అడిగారు. అందులో మా చెల్లి ఒకతె. బాగా పాడితే మద్రాసులో రికార్డింగుకు పిలుస్తానని ఆయన దానితో అన్నాడు. ఆ మాట విన్నాక దానికి అన్నం సయించలేదు.

రిహార్సల్లో చిక్కొచ్చింది. చర్చిలో ఆర్గన్ వాయించేవారు తల ఊపితే అందుకోవడమే వీళ్ళకు అలవాటు. ఇక్కడ పదహారు చుట్లయ్యాక తమంతట తామే అందుకోవాలి. రెండుసార్లు పాడి చూశారు, రెండుసార్లూ తొందరపడ్డారు.

"అక్కా, నువ్వు ముందు వరసలో కూకో. నువ్వు వేలెత్తినప్పుడు మేం పాడతాం," అంది చెల్లి.

"నాను మరిసిపోతే?"

"ఒక్క బస్తా తగ్గిందని ఓడనే ఆపీసినదానివి, పదారు మరిసిపోతావేటి!"

సాయంత్రం బీచ్ రోడ్డు పక్క మైదానం నిండిపోయింది. రెండు పాటలు బాగానే సాగాయి. మూడో పాటలో గిటారు మొదలైంది. పదకొండో చుట్టుకు గాయకుడు వచ్చి స్టేజీ అంచున, సరిగ్గా నా ఎదుట కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు.

నేను చూస్తూ ఉండిపోయాను. తేరుకునేసరికి లెక్క పోయింది. పద్నాలుగా, పదహారా? ముగ్గురూ నా వేలి వంకే చూస్తున్నారు. చెల్లి ముఖం పాలిపోయింది.

అంతవరకూ నేను పట్టించుకోని ఓ బక్కపలచని మనిషి వెనక డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. వాళ్ళ చూపు ఎటుందో చూసి నా వైపు తిరిగాడు. గిటారతనికి 'కానీ' అన్నట్టు తల ఊపి, తానూ దరువు అందుకున్నాడు. నాలుగు చుట్లు వేశాడు. చివర నన్నే చూస్తూ కర్ర పైకెత్తాడు. నేను వేలెత్తాను. మూడు గొంతులూ ఒక్కటిగా లేచాయి. అది పాటలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు.

"ఏటక్కా, నిద్దరోయావేటి?" అంటూ కచేరీ అయ్యాక చెల్లి స్టేజీ దిగి వచ్చింది.

"తప్పు నాదమ్మా. ఊపులో నాలుగు ఎక్కువ వేశాను. అక్కగారి లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు దాని వెనకే దిగిన డ్రమ్ములాయన.

నేను ఆ మాటనే నిలవనిచ్చాను. చెల్లి మద్రాసు వెళ్ళింది, పాడింది. ఇన్నేళ్ళకు, పోయిన ఆదివారం దానితో నిజం చెప్పాను.

"ఆ మాత్రం తెల్దేటి? పైనుంచి నీ మొకమే కదా సూస్తన్నాను," అంది. "ఇంతకీ ఆ డ్రమ్ములాయన పేరేటి?"

నా పాత డైరీ తీశాను. పాటల వరస, మొదలైన వేళ, నేను కూర్చున్న కుర్చీ, అన్నీ ఉన్నాయి. ఆయన పేరు లేదు. క్యాసెట్టు అట్ట మీదా గాయకుడి పేరొక్కటే ఉంది.

చెల్లి పాట మళ్ళీ పెట్టింది. పదిహేడో చుట్టుకు డ్రమ్ములు అందుకోగానే ఇద్దరం వేళ్ళు ముడుస్తూ ఆ నాలుగూ లెక్కపెట్టాం.