నా బరువు నేనే అబద్ధం రాసుకున్నాను

నాకు ఏడో నెల నడుస్తుండగా ఒక సోమవారం, అంగన్‌వాడీలో ఒక గర్భిణిని బరువు మిషన్ ఎక్కించి, అంకె చూడబోయి కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి మా ఆయా నా మొహం మీద నీళ్లు చల్లుతోంది. "ఏటమ్మా, ఇయాల కూడా ఉపాసమేనా?" అంది.

ఉపవాసమే. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. నాలుగేళ్లయినా పిల్లల్లేరని సోమ, శుక్ర, శనివారాలు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. నెల తప్పాక మానేస్తే దేవుడికి కోపమొస్తుందని భయం. అందరినీ గుడ్లు తినమని చెప్పి, నా వాటా గుడ్లు పక్కింటి పిల్లలకు పంచేదాన్ని.

శ్రీకాకుళంలో పరీక్షిస్తే హిమోగ్లోబిన్ ఏడు. స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల తక్కువ, ఐయూజీఆర్ అన్నారు. డాక్టరమ్మ నా తల్లీబిడ్డల కార్డు చూసి, "గర్భానికి ముందు నలభై ఆరు కేజీలు, ఇప్పుడు నలభై మూడా? తగ్గడమేంటి?" అని కంగారుపడింది. థైరాయిడ్, షుగర్, టీబీ, అన్నీ రాసింది. మా ఆయన రెండు రోజులు ల్యాబ్ చుట్టూ తిరిగాడు.

మా అంగన్‌వాడీలో కార్డులు నింపేది నేనే, ఆ నలభై ఆరు రాసిందీ నేనే. నిజం ముప్పై ఎనిమిది. టీచరే ఎండుపుల్లలా ఉంటే నా మాట ఎవరు వింటారని రాసేశాను. మూడో రోజు కఫం పరీక్షకి డబ్బా చేతికిస్తే, ఇక దాచలేక చెప్పేశాను. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నాకైనా సెప్పలేకపోనావా?" అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మ కేకలేయలేదు. "అంతా బరువు వల్లే అనలేను. కానీ అంత తక్కువ బరువుతో గర్భం వస్తే తల్లికి రక్తం చాలకపోవచ్చు, బిడ్డ చిన్నగా పుట్టొచ్చు. ముందే తెలిస్తే మొదటి నెల నుంచే జాగ్రత్తపడేవాళ్లం" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. మొక్కు సంగతేమిటని నేను ఏడిస్తే మా అత్త, "నీ మొక్కు నాను తీరుస్తాను, నువ్వు తిను" అని ముద్దలు కలిపి పెట్టింది. అయినా నెలలు నిండకుండానే పాప పుట్టింది, కేజీ ఆరువందల గ్రాములు. పంతొమ్మిది రోజులు ఎస్‌ఎన్‌సీయూలో, అదే పసికందుల ప్రత్యేక వార్డులో ఉంది. ఒకరోజు ఊపిరాగి నీలంగా అయిపోయింది. తర్వాత కంగారూ కేర్ అని, ఒంటికి ఒళ్లు తగిలేలా పాపని నా గుండెకు కట్టారు. అంత తేలిక పిల్లని ఎత్తుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు పాపకి ఏడాదిన్నర. నడుస్తోంది, బరువు మాత్రం ఎదుగుదల చార్టులో ఇంకా గీత కిందే.

నేను చెప్పేది ఒక్కటే. బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే, బరువు చూపించుకోండి. తక్కువైనా ఎక్కువైనా ఉన్నది ఉన్నట్టు డాక్టరుకి చెప్పండి.

మొన్న అంగన్‌వాడీకొచ్చిన ఒక కొత్త కోడలు, "పాప ఇంత సిన్నగా ఉన్నాదేటి మేడం?" అంది. ఇదివరకైతే మా వంశమే అంత అనేదాన్ని.

"నాను తినలేదమ్మా. పైగా అబద్ధం రాసుకున్నాను" అన్నాను.

పాపకి ఇంకా ఇలాంటి మాటలు అర్థం కావు. అర్థమయ్యే వయసొచ్చాక దానికీ ఇదే చెప్పాలి.