గడపకు వేపకొమ్మ, కొళాయికి బీగం

మునిలక్ష్మి ఎలాంటి మనిషో చెప్పమంటే నేను కొళాయి దగ్గర మొదలుపెడతాను. మారతహళ్ళిలో మా వఠారానికి ఆరు ఇళ్ళు, ఒకటే కొళాయి. నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున వస్తాయి. వంతు కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళను అక్కడ చూశాను, ఒకసారి నేనూ పట్టుకున్నాను. మునిలక్ష్మి మాత్రం అందరికంటే ముందు లేచి, మొదటి రెండు బిందెలూ నింపి, తన ఇంట్లో కాదు, ఓనరు అశ్వత్థప్ప వంటింట్లో దించి వచ్చేది. ఆయనకు భార్య పోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఖాళీ బిందె కూడా వంగి ఎత్తలేడు.

"జీతం లేని చాకిరీ నీకెందుకే?" అని నేను తిడితే నవ్వేది.

"పోనీలే అక్కా. ముసిలాయప్ప. నా చేతులు అరిగిపోతాయా ఏమి?"

ఆమెది బాగేపల్లి అవతల ఏదో పల్లె. మొగుడు మోహన్‌కుమార్ లారీ డ్రైవరు, ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో వాడికే తెలియదు. కూతురు చందన రెండో తరగతి. రోడ్డు అవతలి పెద్ద అపార్ట్‌మెంట్‌లో వర్షిణి అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఇంట్లో మునిలక్ష్మి వంట చేసేది. ఇక నేను మార్తని. మాది ఒంగోలు వైపు. జాకెట్లు కుడతాను. నా నోరు పెద్దదని వఠారమంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ, అబద్ధమేం కాదు.

ఆ మార్చి నెలలో కరోనా పేరు వినబడటం మొదలయ్యాక మా వాళ్ళ వేషాలు చూడాలి. అశ్వత్థప్ప కర్పూరం బిళ్ళలు మూటకట్టి మెడలో వేసుకున్నాడు. మూడో ఇంటి హేమంత్‌కుమార్ ఫోన్లో వచ్చిన వీడియోలన్నీ పొద్దుగూకేసరికి అరుగు మీద కూర్చుని అందరికీ చూపించేవాడు. వెల్లుల్లి తింటే రాదని ఒకరోజు, మధ్యాహ్నం ఎండలో నిలబడితే చస్తుందని ఇంకోరోజు. ఆడవాళ్ళు పిల్లలను ఎండలో నిలబెట్టారు. నేను మిగిలిన జాకెట్టు గుడ్డలతో మాస్కులు కుట్టాను. వాటిని గడ్డం కింద వేసుకుని తిరిగారు. ఒక ఆదివారం సాయంత్రం, సేవ చేసేవాళ్ళ కోసం పళ్ళాలు మోగించమన్నారు. వఠారమంతా వాకిట్లోకి వచ్చి మోగించింది. అశ్వత్థప్ప కుర్చీలో కూర్చుని చెంబు మీద గరిటెతో కొట్టాడు. ఆ చెంబు నిండా పొద్దున మునిలక్ష్మి తెచ్చిన నీళ్ళే.

మర్నాడు చందనకు జ్వరం. సాయంత్రానికి వీపు మీద, పొట్ట మీద నీటి పొక్కులు. మా వైపు ఆటలమ్మ అంటాం, వాళ్ళు అమ్మ పోసిందంటారు. బయటివాళ్ళ దగ్గర దాని పేరెత్తరు. ఎత్తితే ఆ తల్లికి కోపం వస్తుందట. గడపకు వేపకొమ్మ కడతారు. అది చూస్తే తెలిసినవాడు ఎవడూ ఆ గడప తొక్కడు. ఇంట్లో తాలింపు వేయరు, తల దువ్వరు, ఇంటివాళ్ళు పనికి పోరు. పొక్కులు మాడి పొట్టు రాలాక తల్లి కొళాయి దగ్గరో బావి దగ్గరో తన చేత్తో నీళ్ళు పట్టి తెచ్చి, వేపాకు వేసి కాచి, బిడ్డకు తలమీదుగా పోస్తుంది. ఆ నీళ్ళు పడితేనే ఇంటికి విడుదల. పడకపోతే బిడ్డ బయటికి రాకూడదు, తల్లి పనికి పోకూడదు.

నాకు అమ్మవార్ల మీద నమ్మకం లేదు. కానీ ఒక మాట చెప్తాను. ప్రభుత్వం ఇంట్లో కూర్చోండని ఇంకా అనకముందే, తన ఇంటి రోగం పక్కింటికి పాకకూడదని తలుపేసుకుని కూర్చున్నది మా వఠారంలో మునిలక్ష్మి ఒక్కతే. మొదటిరోజు ఆ కొమ్మను చూసి అశ్వత్థప్ప చేతులెత్తి దణ్ణం కూడా పెట్టాడు. అదేమిటో ఆయనకు బాగా తెలుసు.

తెలియనిది వర్షిణికి. మునిలక్ష్మి ఆమెకు ఫోన్ చేసింది.

"పాపకు ఒళ్ళు కాలిపోతాండాది మేడమ్. కొన్ని దినాలు నేను గడప దాటకూడదు."

"ఫీవరా? ఎందుకు వచ్చింది? టెస్ట్ చేయించావా?"

"అట్లాంటిది కాదు మేడమ్. ఇది వేరే."

"వేరే అంటే ఏంటి? క్లియర్‌గా చెప్పు మునిలక్ష్మీ."

మునిలక్ష్మి చెప్పలేదు. పేరెత్తకూడదు కదా. నేను గడప బయటే నిలబడి వింటున్నాను. "ఆటలమ్మ అని చెప్పి చావవే" అని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. అంతే, అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పడింది. వంటమనిషి ఇంట్లో ఫీవర్ కేసు, ఏంటో చెప్పకుండా దాస్తోంది అని. గోరంత కొండంతయ్యింది. ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీ అశ్వత్థప్పకు ఫోన్ చేసి, మీ వఠారాన్ని సీల్ చేయిస్తామని బెదిరించాడు. ఈలోగా దేశమంతా లాక్‌డౌన్ అన్నారు, రోడ్డు మీద పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడ్డారు.

నీళ్ళొచ్చే రోజున లేచి చూస్తే కొళాయికి గొలుసు, గొలుసుకు బీగం. పక్కన స్టూలు వేసుకుని అశ్వత్థప్ప కూర్చున్నాడు, బీగంచెవి మొలతాడుకు కట్టుకుని. ఒక్కో ఇంటివాళ్ళు వస్తే తీస్తున్నాడు. నీళ్ళకు తప్పక వచ్చిన మునిలక్ష్మి బిందె పట్టుకుని దూరంగా నిలబడి అందరి వంతూ అయ్యేదాకా ఆగింది. ఆయన బీగం వేసేశాడు.

"అప్పా, నాకు?"

"నువ్వు దీన్ని ముట్టుకోవద్దులేమ్మా. అందరూ పట్టుకునే కొళాయి."

"అమ్మ పోసిందని నీకు తెలుసు కదప్పా. దణ్ణం పెట్టినావే."

"తెలుసు. కానీ కాలం బాగలేదు. ఎందుకైనా మంచిది."

హేమంత్‌కుమార్ అరుగు మీద నుంచి అందుకున్నాడు. "నిప్పు లేనిదే పొగ రాదు కదా పెద్దాయనా."

నాకు ఒళ్ళు మండింది. "నీ వంటింటికి నీళ్ళు మోసినప్పుడు ఆ చేతులు మంచివి, ఇప్పుడు కొళాయి ముట్టుకుంటే చెడ్డవా? ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే" అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. నా బిందెలో సగం, మునిలక్ష్మి గడప బయట పెట్టిన బిందెలో పోసి వచ్చాను. ఆ తర్వాత నీళ్ళొచ్చిన ప్రతిరోజూ అంతే. గంజికి సరిపోయేవి, గుడ్డలకు సరిపోయేవి కావు. గోళ్ళతో గీరుకోవద్దని మునిలక్ష్మి ఆ పిల్ల చేతులకు పాత గుడ్డ చుట్టింది. పిల్ల "అమ్మా, నీళ్ళు పోయమ్మా, మంటగా ఉండాది" అని ఏడ్చేది. నా మిషను దగ్గరికి వినబడేది.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఆశా వర్కర్ గంగమ్మ వచ్చింది. గడప బయటే నిలబడి, పిల్ల చొక్కా ఎత్తించి చూసింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇది కరోనా కాదప్పా, చికెన్ పాక్స్. చిన్నప్పుడు మీకందరికీ వచ్చిందే. భయపడాల్సిన పని లేదు."

పూసుకునే మందూ, జ్వరం మాత్రలూ ఇచ్చింది. అమ్మ ఉన్న ఇంట్లో మందు వాడకూడదని మునిలక్ష్మి వెనకాడితే నేను నాలుగు తిట్టి పూయించాను. హమ్మయ్య, ఇక బీగం తీస్తారు అనుకున్నాను. తీయలేదు.

"ఆమె కళ్ళతో చూసి చెప్పింది, టెస్టు చేసి కాదు కదా" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఇంకొన్ని దినాలు పోనీలే. ఎందుకైనా మంచిది" అన్నాడు అశ్వత్థప్ప.

ఆ వారమే హేమంత్‌కుమార్ ఫోన్లోకి కొత్త వీడియో వచ్చింది. గడపకు వేపాకు కడితే కరోనా ఇంట్లోకి రాదట. నేను ఆ వీడియో చూసి నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. రెండు రోజుల్లో మా వీధి చివర ఉన్న ఒకే ఒక్క వేపచెట్టును నిలువునా దూసేశారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు సెక్యూరిటీ వాళ్ళను పంపి చిటారు కొమ్మలు కూడా విరిపించారు. వర్షిణి మళ్ళీ ఫోన్ చేసింది.

"మునిలక్ష్మీ, మీ సైడ్ వేపాకులు దొరుకుతాయా? గేట్ దగ్గర పెట్టేసి వెళ్ళిపో చాలు. లోపలికి మాత్రం రావద్దు, ఓకేనా?"

మునిలక్ష్మి ఫోన్ పెట్టేసింది. పాప ఎలా ఉందని ఆ అమ్మాయి అడగలేదు.

చందనకు పొక్కులు మాడాయి. పొట్టు రాలిపోయింది. మునిలక్ష్మి నీళ్ళొచ్చే రోజు చూసుకుని, ఆ పొద్దున తలుపు తీసి బిందెతో కొళాయి దగ్గరికి వచ్చింది. నేను నా నీళ్ళు తీసుకోమన్నాను.

"ఇంకొకరి బిందెలోవి పనికిరావు అక్కా. తల్లి చేత్తో పట్టిన నీళ్ళే పోయల్ల."

తర్వాత అశ్వత్థప్ప వైపు తిరిగింది.

"అప్పా, ఈ పొద్దు బిడ్డకు నీళ్ళు పోయల్ల. ఒక్కసారి తియ్యి. బిడ్డ ఎన్ని దినాలుగా చీకట్లో ఉండాదో నీకు తెలుసు."

అశ్వత్థప్ప ఆమె మొహం చూడలేదు. ఆమె గడపకేసి చూశాడు. అక్కడ వేపకొమ్మ ఉంది, వాడిపోయింది కానీ ఆకు నిండుగా ఉంది. వఠారంలో ఐదు గడపలకూ ఏదో ఒక కొమ్మ ఉంది, ఆయన గడపకే లేదు. చెట్టు దాకా నడవలేడు కదా, ఆయన కోసం ఎవరూ కొయ్యలేదు.

"ఆ కొమ్మ నాకిచ్చెయ్యి" అన్నాడు. "బీగం తీస్తా."

మునిలక్ష్మికి వెంటనే అర్థం కాలేదు. నాకు ముందు అర్థమైంది.

"అది అమ్మ ఉన్న ఇంటి కొమ్మప్పా. దాన్ని తీసుకుపోయి చెట్టు మొదట్లో పెట్టల్ల. ఇంకో గడపకు కట్టకూడదు. నువ్వు పెద్దోడివి, నీకు తెలీదా?"

"ఇప్పుడవన్నీ ఎవురు చూస్తారు. వేపాకు వేపాకే. ఎందుకైనా మంచిది."

ఆమె ఇంట్లో రోగం ఉందని కొళాయికి బీగం వేసినవాడు, ఆ రోగానికి కట్టిన కొమ్మనే తన గడపకు అడుగుతున్నాడు. సిగ్గుండాలి కదా మనిషికి. నేను నోరు తెరిచేలోపే మునిలక్ష్మి వెనక్కి వెళ్ళి కొమ్మ విప్పింది. నీళ్ళలో వేయడానికి పిడికెడు ఆకు దూసుకుని, మిగతాది తెచ్చి స్టూలు పక్కన నేల మీద పెట్టి, దూరంగా జరిగింది. ఆయన మొలతాడుకున్న బీగంచెవి విప్పి నేల మీదికి తోశాడు. ఆమె దాన్ని కొంగుతో పట్టుకుని బీగం తీసింది.

ఆ పొద్దున ఆ ఇంట్లో నీళ్ళు పడిన చప్పుడు వఠారమంతా విన్నది. చందన నవ్వింది, తర్వాత చలికి అరిచింది, మళ్ళీ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంటి నుంచి తాలింపు వాసన వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

బీగం మళ్ళీ వేయలేదు. వేయడానికి ఆయనకు మొహం చెల్లలేదనుకున్నాను, అదేం కాదు. గడపకు వేపాకు వచ్చింది కాబట్టి ధైర్యం వచ్చిందట.

తర్వాతి నీళ్ళ రోజున మునిలక్ష్మి ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచింది. కొళాయి పక్కన అశ్వత్థప్ప రెండు బిందెలు, రాత్రే పెట్టించుకున్నాడు ఎవరిచేతనో. ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆమె ఆ రెండు బిందెలూ అంచుదాకా నింపింది. తర్వాత తన బిందె నింపుకుని చంకన పెట్టుకుంది.

"అవి కూడా ఇట్లా తెచ్చియ్యమ్మా" అన్నాడు ఆయన.

మునిలక్ష్మి ఆగింది. ఆయన గడపకు వేలాడుతున్న కొమ్మను చూసింది.

"నీ గడపకు వేపకొమ్మ ఉండాది కదప్పా. అది ఉన్న గడప తొక్కకూడదు. నువ్వు పెద్దోడివి, నీకు తెలీదా?"

అని వెళ్ళిపోయింది. గొంతు పెంచలేదు కూడా. ముసలాయన గోడ పట్టుకుని కొళాయి దాకా వచ్చాడు. నిండు బిందెల దగ్గర వంగబోయి, వంగలేక, అలాగే నిలబడ్డాడు. "హేమంతూ" అని పిలిచాడు. మూడో ఇంటి తలుపు తెరుచుకోలేదు. తక్కినవీ తెరుచుకోలేదు. ఆ కొమ్మ ఏ ఇంటిదో అందరూ చూశారు మరి.

నేను కిటికీలోంచి చూస్తూ మిషను తొక్కుతూనే ఉన్నాను. లేవలేదు. ఎందుకైనా మంచిదని.