మా అన్న ఎడమ చెయ్యి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అబద్ధం. మొదట్లో దానికి బరువే లేదనుకున్నాను. ఇప్పుడు అన్న లేడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను. మీరు మా ఇంటికి రారు, మా వదినను కలవరు. నాకు కావలసింది అలాంటివాళ్ళే.

మాది కాటన్‌పేట. బట్టల కొట్టు, ఇల్లు, కారు అన్నీ ఉమ్మడి. స్టీరింగు మాత్రం అన్నది. నాకు నిదానం లేదని ఆయన అభిప్రాయం. యాభై దాటినా నేను పక్క సీట్లో కూర్చుని అద్దం మీది ఆవిరి తుడిచేవాణ్ణి. ఆయన తోలుతుంటే ఒళ్ళో పెట్టుకున్న మజ్జిగ చెంబు తొణికేది కాదు. నలభై ఏళ్ళుగా కారు తోలిన ఆయన గర్వమంతా ఆ చేతుల్లోనే ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి.

మా వీధి మలుపులో స్పీడు బ్రేకరు హంపు ఒకటి ఉంది. కారు ముందు స్ప్రింగులు కుంగిపోయి, అడుగు భాగం దానికి గీసుకునేది. ఆయుధ పూజకు ముందు అన్న హిందూపురంలో కూతురింటికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా ఒక పని పూర్తిగా చేసి చూపిద్దామనిపించింది. కాస్త ఎత్తైన, గట్టి స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు వేయించాను. ముందు ఎత్తు మారితే చక్రాల వాలు, అవి చూసే దిక్కు కూడా మారతాయనీ, అలైన్‌మెంటు చేయించనిదే కారు తిప్పొద్దనీ మెకానిక్ నాకు రెండుసార్లు చెప్పాడు.

అలైన్‌మెంటు అంగడికి వెళ్ళాను. ఆ మాట నిజం. కానీ ఆ అంగట్లో అలైన్‌మెంటు యంత్రానికి అప్పటికే విభూతి పెట్టి, బంతిపూల దండ వేసి, పూజకు కూర్చోబెట్టేశారు. పూజకు పెట్టిన పనిముట్టును ముట్టుకోరు కదా. పండగయ్యాక, సోమవారం రమ్మన్నారు. దండం పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు అన్న వచ్చాడు. కారుకు కుంకుమ పెట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. వీధంతా చూస్తోంది.

"ఏం రా, ముందర ఎత్తుగా ఉండాది?"

"స్ప్రింగులు మార్పించినానన్నా. ఇంక హంపు తగల్దు."

"అలైన్‌మెంటు చేయిస్తివా?"

"చేయించినానన్నా."

"నువ్వా? పని మొత్తం చేసినావా? ఈ పొద్దు వాన వస్తాదేమో రా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా లేదని ఎందుకు చెప్పలేదు? సగం పనివాడన్న పేరు ఆ ఒక్క రోజైనా వద్దనుకున్నాను. అంతకన్నా గొప్ప కారణం వెతికాను. దొరకలేదు.

నిమ్మకాయలు చితికాయి. కారు నాలుగడుగులు తిన్నగా పోయి, ఎడమకు లాగి, ఎదురింటివాళ్ళ బూడిద గుమ్మడికాయల గుట్ట ముందు ఆగింది. అన్న దిగాడు. చక్రం వంక చూడలేదు. తన ఎడమ చేతి వంక చూసుకున్నాడు. తమ్ముడు చేయించానన్నాక చక్రాన్ని అనుమానించడం ఆయనకు తోచలేదు. నా పనితనం మీద ఆయనకు నమ్మకం లేదు గానీ, నా మాట మీద అంత నమ్మకం ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

సోమవారం పోయి అలైన్‌మెంటు చేయించేవాణ్ణే. ఆదివారమే ఆయన తాళం నా చేతికిచ్చాడు. "నువ్వు తోలప్పా. నా చెయ్యి బరువెక్కింది."

ఇక సోమవారం ఎలా వెళ్ళను? కారు తిన్నగా పోతే తాళం వెనక్కి ఇచ్చేయాలి.

డాక్టరు చేతిలో లోపమేమీ లేదన్నాడు. అన్న డాక్టరును మార్చాడు. వదిన నువ్వులనూనె రాసేది, రోజూ పొద్దున పిసకమని చల్లారిన రాగిముద్ద ఒకటి ఇచ్చేది. పిసికిన ముద్ద ఎవరూ తినరు గనుక మా వీధి కుక్క లావెక్కింది. నేను కుడి మోచేతిని తలుపుకు ఆనించి, స్టీరింగును కుడికి పట్టి ఉంచడం నేర్చుకున్నాను. అరిగిన టైర్లను ఆయనకు తెలియకుండా మార్చేవాణ్ణి. ప్రతి ఆయుధ పూజకూ ఆయన ఒకసారి స్టీరింగు పట్టి, వీధి చివరిదాకా వెళ్ళి, దిగి తాళం నాకిచ్చేవాడు. నేను తీసుకునేవాణ్ణి. మొదటిసారితో కలిపి ఆరుసార్లు.

ఆయనకు తెలిసే ఊరుకున్నాడేమోనని ఒక్కోసారి ఆశపడతాను. ఉత్త ఆశ. తెలిసుంటే తిట్టేవాడు. తిట్టకుండా ఊరుకునే మనిషి కాదు.

ఆయన గుండెపోటుతో పోయాడు. సంవత్సరీకం అయ్యాక, పోయిన వారం అలైన్‌మెంటు చేయించాను. అరగంట పని. ఇప్పుడు కారు తిన్నగా పోతోంది. నేనే కుడికి పోతున్నాను. ఆరేళ్ళ అలవాటు. నిన్న వదినను కూర్చోబెట్టుకుని హంపు దాటి, సరాసరి కుడివైపు గోడకు గీశాను.

వదిన గోడను చూడలేదు. నా కుడి చేతిని చూసింది. "ఆయనకు ఎడమ, నీకు కుడి. మీ వంశమే ఇంతేమో అప్పా" అంది.

ఈ పొద్దున నా పళ్ళెం పక్కన చల్లారిన రాగిముద్ద ఒకటి ఉంది. పిసికాను. ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పాను. ఇక ఆ ఒక్క మాట, ఆయనతో అనాల్సినట్టుగా, ఇక్కడ రాసి పెడతాను.

చేయించలేదన్నా.