నూకకుండా లేచిన బండి

మా వదిన పోయిందని ఆమె బిడ్డ పొద్దున్నే ఫోన్ చేసింది. నేను హనుమకొండ నుంచి నెక్కొండ దగ్గరి మా ఊరికి చేరేసరికి ఎదురింటి పెదనాన్న కొడుకు వాకిట్లో కూర్చుని ఆమె ధైర్యాన్ని పొగుడుతున్నాడు. చావింట్లో అబద్ధానికి అడ్డు చెప్పేవాళ్లుండరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అన్న పోయాక ఆమెకు మిగిలింది రెండెకరాలు, ఒక పాత ట్రాక్టర్. తానే నడపడం నేర్చుకుంది. అయితే దాని డైనమో ఇంజన్ జోరుగా తిరిగితే తప్ప కరెంటు ఇచ్చేది కాదు. ఆమె నడిపేది నెమ్మదిగా, దగ్గరి పనులకు. బ్యాటరీ నిండేది కాదు, సెల్ఫు కొడితే బండి లేచేది కాదు. రోజూ పొద్దున "జర నూకుండ్రి" అని బండి తొయ్యడానికి నలుగురిని పిలవాలి.

నూకడానికి ముందుండేది ఈ ఎదురింటి పెద్దమనిషే. నూకినప్పుడల్లా ఒక మాట వదిలేవాడు: "మొగోడు లేని ఇల్లు, సెల్ఫు లేని బండి, రెండూ నూకితేనే నడుస్తయి." అందరూ నవ్వేవారు. వదిన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూసేది.

ఒకరోజు నాతో అంది: "ఒకర్ని పిలువకుంట నా బండి నేను లేపుకోవాలె తమ్మీ. గంతే."

నెక్కొండలో కరెంటు పని చేసే మెకానిక్ దగ్గరికి వెళ్లాం. "ఇది ముసల్దైంది, అమ్మెయ్యమ్మా" అన్నాడతను.

"నా మోకాళ్లు గుడ నొస్తున్నయి. నన్ను గుడ అమ్ముతవా?"

అతను నవ్వి పని మొదలుపెట్టాడు. డైనమో తీసి, ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి, ఆల్టర్నేటర్ బిగించాడు. ఆ పాత బండిలో బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి ఉండేది. దాన్ని మార్చి మైనస్ వైరు కలిపాడు. వదిన వంగి చూసింది. "అంటే ఇన్నేండ్లు తలకిందులుగ బతికిందా ఇది? పాపం, నా లెక్కనే."

ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఛార్జింగ్ మీటరు ముల్లు ప్లస్ వైపు కదిలింది. ఆమె ఆ అద్దం మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. స్వేచ్ఛ మీద అర బీరువా పుస్తకాలు చదివాను. ఆ ముఖం వాటిలో ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున చప్పుడు విని ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. బండి అప్పటికే కదులుతోంది.

"పో, పండుకో బావా. ఇగ నీకు తిప్పల లేదు" అందామె. ఆ మాటలో ఎగతాళి లేదు. నేనైతే అంత మెత్తగా వదిలేవాణ్ని కాదు.

వదినను అదే ట్రాక్టర్ ట్రాలీలో శ్మశానానికి తీసుకెళ్లాం. బిడ్డే నడిపింది. ఆ పిల్ల తాళం తిప్పబోతుండగా ఆ పెద్దమనిషి లేచి, ట్రాలీ వెనక రెండు చేతులూ ఆనించి, "ఆఁ, పట్టుండ్రి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. బండి ఒక్క తిప్పుకే లేచింది.

ట్రాలీ మెల్లగా దూరమైంది. అతని చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి.