తూర్పు వాకిలి కొట్టం

మా గోడ అవతల నా బావమరిది మేకలకు కొట్టం వేయించుకున్నాడు. వేయించుకున్నాడనే అనాలి, వేశాడంటే అబద్ధం. కలిగిరి నుంచి వెల్డింగు వాళ్ళు ట్రాక్టరులో ఇనుప గొట్టాలు, నీలం రేకులు తెచ్చి పొద్దు గుంకేలోపల నిలబెట్టి పోయారు. వాడు చేసిందల్లా కుర్చీలో కూర్చుని చూడటం. అయినా నా భార్య గోడ దగ్గర నిలబడి, బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఎంత బాగుండాదిరా తమ్ముడా" అన్నది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి నా చేతి పనిని ఆమె బాగుండాదని అన్న పాపాన పోలేదు. దొడ్డిలో తొట్టి నేనే కట్టాను. అటకకు నిచ్చెన నేనే చేశాను. "పన్జేస్తా ఉండాదిలే" అనేది, అంతే. మా మేకల పాకను చెదలు తినేసి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. కొత్తది నా చేతులతో నేనే కట్టి, ఆ ఒక్క మాట ఆమె నోట అనిపించాలనుకున్నాను.

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాను. అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆత్మకూరు బస్టాండులో కొన్న వాస్తు పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాను. వాకిలి తూర్పున ఉండాలని అందులో రాసి ఉంది. వరికుంటపాడులో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే రేకులూ దూలాలూ తెచ్చుకున్నాను. పొలం కంచెకు పాతిన రాతి కూసాలు పెరికి తెచ్చాను. గడ్డపార పట్టి గుంతలు తవ్వాను. మా దొడ్డిలో పైన జానెడు మన్ను, కింద అంతా రాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఆ వెల్డింగు వాళ్ళకు మా ఇంటి నుంచే గోడ మీదుగా కాఫీ పోయింది. నాకు మంచినీళ్ళ చెంబు నేనే తెచ్చుకోవాల్సి వచ్చింది.

బావమరిది గోడ మీద మోచేతులు ఆనించి చూస్తుండేవాడు.

"బావా, ఆ మూల కూసం నీకు దణ్ణం పెడతా ఉండాది."

"పెట్టనీరా. నీకంటే దానికి మర్యాద తెలుసు."

"అది సరే, తూరుపుకు వాకిలేంది? కార్తీకంలో జల్లంతా లోపలికే గదా కొట్టేది. నేను చూడు, తూరుపు పక్క మూసేసినాను."

"శాస్త్రం నాకు చెప్పబాకరా."

మా జిల్లాకు పెద్ద వాన సముద్రం వైపు నుంచే వస్తుందని నాకు తెలియదా? ఆ మాట వాడి నోట రాకుండా ఉంటే నేనే ఒక తడిక కట్టి ఉండేవాణ్ణి. వాడు అన్నాడు గనుక వాకిలిని ఇంకో జానెడు వెడల్పు చేశాను. నా పెళ్ళిలో చెప్పులు దాచి, మండుటెండలో నన్ను వట్టి కాళ్ళతో నడిపించినవాడు వాడు. వాడి దగ్గర బుద్ధి నేర్చుకునే గతి నాకు పట్టలేదు.

కొట్టం నిలబడింది. నా భార్య చుట్టూ తిరిగి చూసి, "పడదు గదా?" అన్నది.

దీపావళి పోయాక వాయుగుండం పట్టింది. మధ్యాహ్నం వేళ గాలి తూర్పు నుంచి లేచి, జల్లు నా వాకిట్లోకి చాటతో చల్లినట్టు కొట్టింది. మేకలు తడి ఓర్చుకునే జాతి కాదు. వాకిలికి అడ్డం పెట్టిన కర్రను తోసుకుని, గోడ దూకి, ఒకదాని వెనక ఒకటి వాడి కొట్టంలోకి పోయాయి.

"వాస్తు తెలీని మేకలు" అన్నది నా భార్య వసారాలోంచి.

గోనెపట్టా తలమీద వేసుకుని తోలుకురావడానికి పోయాను. వాడు నీలం రేకుల కింద పొడినేల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా మేకలు వాడి చుట్టూ పడుకుని నెమరు వేస్తున్నాయి. వాడి చేతిలో కాఫీ గ్లాసు మా ఇంటిది.

"ఉండనీ బావా, వాన నిలిచినాక పోతాయిలే. నువ్వు కూడా కూచో, తడిసిపోయినావు."

ఎగతాళి చేసి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. వాడు మంచిగా అన్నాడు. అది మరీ కాల్చింది. కూర్చోలేదు.

వాన తగ్గాక తూర్పు పక్క తాటాకు తడికలు రెండు వరసలు కట్టి మూసేశాను. పడమటి పక్క వాకిలి తీశాను. పుస్తకం అటక మీద పెట్టాను, పారెయ్యలేదు. మరుసటి వానకు లోపల చుక్క పడలేదు. నా భార్య గడ్డి తెచ్చి వేస్తూ నేలను అరికాలితో తడిమి చూసింది.

"ఇప్పుడు బాగుండాది" అన్నది.

నేను గడ్డపారకు ఆనుకుని నిలబడ్డాను. ఆ మాట మీద ఇంకో మాట పడకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"మా తమ్ముడు చెప్పినట్టు ముందే చేసుంటే అయిపోయేది గదా" అన్నది.

మేకలన్నీ ఇప్పుడు నా కొట్టంలోనే పడుకుంటున్నాయి, పెద్దమేక తప్ప. చీకటి పడేవేళ అది పోయి గోడ దగ్గర నిలబడుతుంది. దానికోసమని అవిసె కొమ్మ విరిచి తెచ్చి వేశాను. తింటూనే గోడ అవతలికి చూస్తోంది.