నా రెండు చేతుల నిద్ర

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, నాలుగేళ్ల కిందట) నేను నిద్రపోయానో లేదో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. అప్పుడే కొత్తగా లైసెన్సు వచ్చింది. సురంగల్‌లోని మా తోట టమాటాలను చేవెళ్ల మార్కెట్‌కు తీసుకెళ్లే ట్రాలీ బండి తాళం ఆ వారం నుంచి నాకిస్తానని బాపు (మా నాన్న) అందరి ముందూ చెప్పేశాడు. సరిగ్గా అదే వారం, మోకిలలో ఉండే అక్క నా చేతికి నిద్రను కొలిచే బ్యాండు కట్టింది. పొద్దున్నే ఫోన్‌లో చూస్తే గాఢనిద్ర దాదాపు లేదట. మనసులో చదువుకుంటే సరిపోయేది. చాయ్ తాగుతూ బాపుకు వినబడేలా చదివాను.

"నిద్ర లేనోనికి బండి ఇయ్య. టమాటలు పోతే పోతయ్, నువ్వు పోతే మీ అవ్వకు ఎవడు జవాబు చెప్తడు?"

అంతవరకు హుషారుగా ఉన్న నాకు ఆ మాటతో ఆవులింతలు మొదలయ్యాయి. అవ్వ, అంటే మా అమ్మ, తలకు నూనె పెట్టి చెంబెడు పాలు తాగించింది. మర్నాడు బ్యాండు ఇంకా తక్కువ చూపించింది. (పాల వల్ల ఎన్నిసార్లు లేచానో దానికి తెలుసు, కారణం మాత్రం తెలియదు.) అక్క జాలిపడి బావ బ్యాండు కూడా పంపింది. రెండు చేతులకూ రెండు కట్టుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే ఎడమ చెయ్యి రాత్రంతా ఉలిక్కిపడుతూనే ఉంది. కుడి చెయ్యి హాయిగా గాఢనిద్ర పోయింది. బాపు రెండు లెక్కలూ చూసి, నా రెండు చేతులనూ మార్చి మార్చి చూశాడు.

"మరి స్టీరింగు ఏ చేత్తోని తిప్పుతవ్ రా?"

మధ్యాహ్నం అవ్వ తనే తేల్చుకుందామని ఒక బ్యాండు కట్టుకుని సీరియల్ ముందు కదలకుండా కూర్చుంది. నిద్రపోయిందని వచ్చింది.

"నేను పండుకున్ననా? ఆ కోడలు ఏడిస్తే నేను గూడ ఏడ్చిన కద! నిద్రల ఎవరన్న ఏడుస్తరా?"

అక్క ఫోన్‌లో ఒకటే నవ్వు. "అవ్వా, అది నీ నిద్రను చూడదే. చెయ్యి కదులుతున్నదా, నాడి ఎట్ల కొట్టుకుంటున్నది, గంతే చూసి అందాజ చెప్తది. అసలు సంగతి తెల్వాలంటే దవాఖానల తలకు తీగలు పెట్టి చూడాలె."

"గా ముచ్చట ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అన్నాడు బాపు. తర్వాత నావైపు తిరిగాడు. "రేపు తాళం తీస్కో. కని పక్కకు నేను కూసుంట. నీ కండ్లు మూతవడుతున్నయా, నేనే చూస్త."

మర్నాడు పొద్దున మొయినాబాద్ దాటి చేవెళ్ల రోడ్డెక్కేసరికి నా కళ్లు భయంతో ఇంతేసి అయ్యాయి. కాపలా కాయాల్సిన బాపు మాత్రం నా భుజం మీద తల వాల్చి గురక పెడుతున్నాడు. అది తేలిక నిద్రో గాఢనిద్రో నాకు తెలియలేదు. లేపబుద్ధి కాక, గతుకొచ్చిన చోటల్లా పెళ్లికొడుకును ఊరేగిస్తున్నట్టు బండిని మెల్లగా పోనిచ్చాను. వెనకవాళ్లు హారన్లతో తిట్టారు. మేం చేరేసరికి మార్కెట్లో మంచి బేరాలన్నీ అయిపోయాయి. అయినా, భుజం తిమ్మిరెక్కినా కదపకుండా, తనలో తనే నవ్వుకుంటూ బండి నడిపిన అప్పటి నాలోని ఆ పిల్లగాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.